పాత పగులు

తాడు కట్టి గుంజుకొచ్చిండ్రు
కొండమల్లేపల్లి అడ్డరోడ్డు కాడి నా షెడ్డుకు
నాలుగొందల ఏడును.
ఇంజను మూతి నిండ ఎర్ర దుబ్బ,
దుబ్బల ఒక జొన్నకొయ్య, ఏర్లతో సహా.

రోహిణి కార్తె. రేకులు కాలుతున్నయి.
"యీరాచారీ, మృగశిరకు ముందే ఇంకో పందెముంది,
వాన వడితె చెల్క దున్నుతరు,
గీత గీసెతందుకు జాగుండది" అన్నరు.

రెండొందల గజాల దుబ్బ,
పక్కపక్క రెండు బండ్లు.
సున్నం గీత కాడ రుమాలు కింద వడితె
పది లెక్కవెట్టేలోపు అయిపోతది.
ఆ పది అంకెల కోసం
మూడు నెలలు నా చేతులు గ్రీసుల నానినయి.

ఏడో అంకె మీద బండి పల్టీ కొట్టింది.
హర్యాకు జబ్బెముక ఇరిగింది,
దేవరకొండ దవాఖానల పట్టీ ఏసిండ్రు.
తండల, హోటల్ల, పెట్రోలు బంకు కాడ ఒక్కటే మాట:
"పిలగానికి దుడుకెక్కువ. కాలు తియ్యలే."
నేను గూడ తలకాయ ఊపిన.

విప్పుకుంట విప్పుకుంట వెనక ఎడమ దిక్కుకొచ్చిన.
కమాన్ కట్టను పట్టుకునే కొండి
రెండు తునుకలు.
డీజిల్ల కడిగి, ఎండల వెట్టి సూసిన.
ఇరిగిన మొకం సగం తెల్లగ,
చక్కెర పలుకుల్లెక్క మెరుస్తుంది.
సగం నల్లగ,
చాయ్ గిన్నె అడుగులెక్క.

తెలుపు పందెం నాటిది.
నలుపు అంతకుముందటిది.
నేను అతికిన నాటిది.

ఆ రాత్రి కరెంటు వచ్చుకుంట పోవుకుంట ఉండె,
రాడ్లు చెమ్మ వట్టినయి,
తెల్లారి బండి కావాలన్నరు.
అతుకలే నేను, పూసిన.
పూసి, నున్నగ రుద్ది, పసుపు రంగు ఏసిన.
అందరు ఫోటోలు దిగిండ్రు.

మా నాయిన నాగలి కర్రులు కొట్టెటోడు.
పనైనంక కర్రును దారంతోని ఏలాడదీసి
చిన్న సుత్తితోని ఒక్క దెబ్బేసి
చెవు వెట్టెటోడు.
మోగకపోతె మల్ల కొలిమిలకే,
రైతు గడప కాడ నిలవడి తిట్టినా సరే.

హర్యా రోజు వస్తడు,
చెయ్యి మెడకు కట్టుకొని.
బోర్లిచ్చిన టబ్బు మీద కూసొని
ఎడమచేత్తోని పానాలు అందిస్తడు.
పద్నాలుగు అడిగితె పదహారిస్తడు.
"కాలు తియ్యాల్సుండె అన్నా," అంటడు,
"ఆడ జర గుంత కనవడ్డది నాకు,
అయినా తొక్కిన."
నేను గ్రైండర్ ఆన్ చేస్త.

రెండు జాకీలు, లారీ గొలుసు,
చాసిస్ కుయ్యోమని మూలిగి మూలిగి సాపైంది.
మూల నుంచి మూలకు దారం వట్టి కొలిస్తె
ఇంకా నాలుగు నూళ్ల తేడా.
మల్ల గుంజిన.
జడ్చర్ల తుక్కు దుకాణంల తలుపు దొరికింది,
వేరే బండిది, నీలంది,
దాని మీద సగం పేరున్నది, ఎవరిదో.
గేరు పెట్టె వచ్చింది, హబ్బులు వచ్చినయి.
కొండి తునుకలు మాత్రం
నా లాగు జేబుల్నే ఉన్నయి,
వంగినప్పుడల్ల తొడకు గుచ్చుకుంట.

రంగులాయన డబ్బా మూత తీసిన పొద్దు
ఆగుమన్న.
జేబుల చెయ్యివెట్టి
హర్యా ఎడమ అరచేతుల వెట్టిన.
ఏం చెప్పలే. చెప్పొస్తలే.

ఆడు డ్రైవరు, ఇనుము చదువొచ్చినోడు.
నలుపు మీద గోరుతోని గీకిండు.
తెలుపు మీద గీకిండు.
శానసేపు రెండింటి నడుమ అంచునే సూసిండు.
కొడ్తడనుకున్న. కొడితె బాగుండననుకున్న.

"ఇసొంటియి ఇంకెన్ని పెట్టినవ్?" అన్నడు.

సుద్దముక్క తీసుకొని బండి కిందికి దూరిన.
నా అతుకు కనవడ్డ కాడల్ల ఒక సున్న.
ఇరవై మూడు.
నేను సుత్తితోని కొడితె
ఆడు పట్టీ ఒత్తుకుంట వంగి చెవు వెట్టిండు.
"మోగింది."
"మోగింది."
"ఇది మోగుతలే అన్నా."
"కోసేద్దాం."

తొమ్మిదే మోగినయి.
రంగులాయన డబ్బా మూత వెట్టి పోయిండు.
మిగిలినయి ఒక్కొక్కటి కోసుకుంట ఉంటె
డిండి దిక్కు మొగులైంది,
పందెం చెల్క మీద గాలి లేసింది.
హర్యా ఎడమచేత్తోని లైటు వట్టిండు.
"జర కిందికి," అన్న.
కిందికి వట్టిండు.